కెమాల్ పాషా, నిలోఫర్ ఆస్పత్రి, పై అంతస్తు టీచరమ్మ

కెమాల్ పాషా లేకపోతే మా హైదరాబాద్‌లో నిలోఫర్ ఆస్పత్రి ఉండేది కాదు. ఖిలాఫత్ ఉద్యమం పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో ఈ మాటతోనే మొదలుపెట్టేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళలో చాలామంది పుట్టింది ఆ ఆస్పత్రిలోనే. నేను పుట్టిందీ అక్కడే, మా అమ్మాయి పుట్టిందీ అక్కడే. టర్కీలో ఎవరో గద్దె దిగితే రెడ్ హిల్స్‌లో పురిటి వార్డు ఎందుకు లేస్తుంది టీచర్ అని అడిగేవాళ్ళు.

1924 మార్చి 3న, కొత్త టర్కీకి అధ్యక్షుడైన కెమాల్ పాషా పట్టుదల మీద, అంకారాలోని పార్లమెంటు ముస్లింల మతపెద్ద అనిపించుకునే ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఆ రాత్రే ఇస్తాంబుల్‌లో దొల్మాబాచె రాజభవనాన్ని పోలీసులు చుట్టుముట్టారు. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ని కుటుంబంతో సహా తెల్లవారేలోపే కార్లలో ఎక్కించారు. ఊళ్ళో స్టేషన్‌కైతే జనం పోగవుతారని ఎక్కడో దూరాన ఉన్న చతాల్జా స్టేషన్‌కి తీసుకెళ్ళి, అక్కడ రైలెక్కించి దేశం దాటించారు. ఆయన కూతురు దుర్రె షెహ్వార్‌కి అప్పటికి పదేళ్ళు. అదే వంశంలో ఇంకో పిల్ల నిలోఫర్‌కి ఎనిమిది. చివరికి అందరూ ఫ్రాన్సులోని నీస్ చేరారు. ఖలీఫాకి నెల గడిచేది మన ఏడో నిజాం పంపే పింఛనుతోనే. 1931లో అక్కడే నిజాం పెద్ద కొడుకు ఆజం జాకి దుర్రె షెహ్వార్‌నీ, రెండో కొడుకు మొజ్జం జాకి నిలోఫర్‌నీ ఇచ్చి పెళ్ళి చేశారు. తర్వాత కొన్నేళ్ళకి నిలోఫర్ దగ్గర పనిచేసే ఒకావిడ పురిట్లో చనిపోయింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని నిలోఫర్ పట్టుబట్టడంతో ఆస్పత్రి వచ్చింది. పురానీ హవేలీలో దుర్రె షెహ్వార్ పేరు మీద కూడా ఒక పిల్లల ఆస్పత్రి ఉంది.

ఇంతవరకే చెప్పి గంట కొట్టేలోపు పాఠం ముగించేదాన్ని. గాంధీ, అలీ సోదరులు, సహాయ నిరాకరణ, ఇవి పరీక్షలో వస్తాయి. కెమాల్ పాషా రాడు. ఆయన గురించి తీరిగ్గా ఆలోచించే సావకాశం రిటైరయ్యాక దొరికింది, అదీ ఆయన రాజధాని చేసిన ఊళ్ళోనే.

మా అమ్మాయి అంకారాలో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. దాని పురుడుకని వచ్చాను. మనవరాలికి నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వేస్తే ఫ్లాట్‌లో అలారం మోగింది, పై అంతస్తు ఆవిడ ఇల్లు కాలిపోతోందనుకుని చెప్పుల్లేకుండా దిగివచ్చింది. అలా మొదలైంది మా స్నేహం. ఆవిడ ఇంగ్లీషు టీచరుగా రిటైరైంది, నేను సోషల్ టీచరుగా. ఇంక చెప్పేదేముంది, రోజూ సాయంత్రం టీ, వాదన. ఇక్కడ పెద్దావిడల్ని తేజే అంటారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ నన్ను హోజమ్ అంటుంది, టీచర్లకి ఇక్కడ అదే మర్యాద. వాళ్ళ హాల్లో మనం వెంకటేశ్వరస్వామి పటం పెట్టే చోట అతాతుర్క్ ఫోటో, అంటే మన కెమాల్ పాషా ఫోటో ఉంటుంది. నల్ల కోటు, వెనక్కి దువ్విన జుట్టు, నీలం కళ్ళు. నీలం కళ్ళని ఆవిడే చెప్పింది, ఫోటో బ్లాక్ అండ్ వైట్.

నవంబరు 10 పొద్దున పాల కోసం బయటికి వెళ్ళాను. తొమ్మిదీ ఐదుకి సైరన్ మోగింది. 1938లో ఆయన ప్రాణం పోయిన నిమిషం అది. పోయింది ఎక్కడనుకున్నారు, ఖలీఫాని రాత్రికి రాత్రి ఖాళీ చేయించిన ఆ దొల్మాబాచె భవనంలోనే. ఇలా అవుతుందని చదివి ఉన్నా, కళ్ళారా చూస్తే వేరు. సిటీ బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయింది. డ్రైవరు దిగి తలుపు పక్కన చేతులు కిందికి చాచి నిలబడ్డాడు. కార్లలోవాళ్ళు తలుపులు తెరిచి బయటికొచ్చారు. ఒక కుర్రాడు ఫోన్లో మాట్లాడుతూనే నిలబడ్డాడు, పక్కనున్న పెద్దాయన చూసిన చూపుకి ఫోను జేబులో పెట్టేశాడు. ఒక్క ఆవిడ మాత్రం ఆగలేదు. తలకి స్కార్ఫు కట్టుకుని, కూరగాయల సంచీ బండి లాక్కుంటూ, ఎవరివైపూ చూడకుండా తన దారిన తాను పోయింది. ఎవరూ ఏమీ అనలేదు కానీ అందరూ చూశారు. ఆ నిమిషంలో నాకు టర్కీ మొత్తం కనిపించింది, ఆగినవాళ్ళలోనూ, ఆగనావిడలోనూ.

చనిపోయి ఎనభై ఏళ్ళు దాటినా ఒక మనిషి ట్రాఫిక్ ఆపగలుగుతున్నాడంటే అది యుద్ధం గెలిచినందుకే కాదు. యుద్ధాలు గెలిచినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈయన ప్రతి ఇంట్లో గోడ మీది గడియారంలో దూరాడు, నెత్తి మీది టోపీలో దూరాడు, పిల్లాడి పలకలో దూరాడు, ఇంటిపేరులో దూరాడు. ఆయన్ని తీసేయాలంటే జనం తమలో తాము సగం తీసేసుకోవాలి. ఈ మాట తేజే ముందు అంటే మెచ్చుకోలుగా తీసుకుంది. నేను సగమే మెచ్చుకుంటూ అన్నాను.

మొదటి నుంచీ చెప్తాను. 1919 నాటికి ఒట్టోమన్ సామ్రాజ్యం మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయి ఉంది. ఇస్తాంబుల్ సముద్రంలో బ్రిటిష్ యుద్ధనౌకలు. మే 15న గ్రీకు సైన్యం ఇజ్మీర్‌లో దిగింది. తమాషా ఏమిటంటే, అప్పటికి సైనికాధికారిగా ఉన్న కెమాల్‌ని తూర్పుకి పంపింది సుల్తాన్ ప్రభుత్వమే, అక్కడి సైన్యం చేత ఆయుధాలు అప్పగింపించే ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఇచ్చి. మే 19న బందిర్మా అనే ఓడలో సామ్సున్ రేవులో దిగినవాడు తిరుగుబాటు మొదలుపెట్టాడు. ఆయన ఏ తేదీన పుట్టాడో రికార్డు లేదు, 1881 అని మాత్రమే తెలుసు. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే మే 19 రాసుకోమన్నాడు. మనిషి పుట్టుక, దేశం పుట్టుక ఒకే తేదీకి తెచ్చి కట్టేశాడు. ఇంకే నాయకుడికైనా ఇది డాంబికం అనేదాన్ని. ఈయనకీ అదే అంటాను, కాకపోతే అది అతికింది.

జులైలో ఆయన్ని అరెస్టు చేయమని ఇస్తాంబుల్ నుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పటికి ఆయన సైన్యానికి రాజీనామా చేసి ఉన్నాడు, ఒంటి మీద యూనిఫారం కూడా లేదు. అరెస్టు చేయాల్సిన సేనాని కాజిమ్ కరబెకిర్. ఆయన ఎర్జురుమ్‌లో కెమాల్ ముందుకొచ్చి సెల్యూట్ కొట్టి, నేనూ నా సైన్యమూ మీ ఆజ్ఞకి లోబడి ఉన్నాం అన్నాడు. ఎంఏలో మాక్స్ వెబర్ చెప్పిన జనాకర్షక అధికారం గురించి చదివాం కదా, పదవి వల్ల కాకుండా మనిషి మీది నమ్మకం వల్ల పుట్టే అధికారం అని. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ కరబెకిరే 1924లో ప్రతిపక్షం పెట్టాడు. మరుసటి ఏడే దాన్ని మూయించారు. 1926లో ఇజ్మీర్ హత్యాకుట్ర కేసులో ఆయన్ని బోను ఎక్కించారు. నిర్దోషి అని వదిలేశారు గానీ, కెమాల్ బతికున్నంత కాలం ఆయన వెనక పోలీసుల నిఘా ఉంది. తేజేకి ఈ సంగతి తెలుసు, కానీ తనంతట తాను చెప్పదు.

1921 ఎండాకాలంలో గ్రీకు సైన్యం అంకారా దగ్గరికి వచ్చేసింది. పార్లమెంటు కెమాల్‌కి మూడు నెలలకి సర్వాధికారాలు ఇచ్చింది. వెంటనే ఆయన ఇచ్చిన ఉత్తర్వుల్లో ఒకటి నాకు మహా ఇష్టం. ప్రతి కుటుంబం సైన్యానికి ఒక జత లోదుస్తులు, ఒక జత మేజోళ్ళు, ఒక జత చెప్పులు ఇవ్వాలి. కొట్లలో ఉన్న గుడ్డ, తోలు, తిండి గింజల్లో నూటికి నలభై వంతులు తీసుకుంటారు, డబ్బు తర్వాత ఇస్తారు. పుట్టి బుద్ధెరిగాక జాతి అనే మాట వినని పల్లెటూరి ముసలమ్మ కూడా ఒక జత మేజోళ్ళు ఇచ్చి అందులో భాగమైంది. సకార్యా నది దగ్గర 22 రోజులు యుద్ధం జరిగింది, గ్రీకులు వెనక్కి తిరిగారు. మరుసటి ఏడు సెప్టెంబరు 9న టర్కీ సైన్యం ఇజ్మీర్ చేరింది. అక్కడితో ఆ కథ అయిపోయిందని పుస్తకాలంటాయి. కొన్ని రోజులకే ఆ ఊళ్ళో గ్రీకులు, ఆర్మేనియన్లు ఉన్న పేటలన్నీ తగలబడిపోయాయి, రేవు మీద వేలమంది ఓడల కోసం ఏడుస్తూ నిలబడ్డారు. తేజేతో ఈ విషయం నేను రెట్టించలేదు. ఆవిడ ఇంట్లో కూర్చుని ఆవిడ టీ తాగుతూ అన్నీ అడగలేం.

ఇక్కడ ఆవిడ సొంత కథ ఉంది. కెమాల్ పుట్టింది సెలానిక్‌లో. 1912లో అది గ్రీకుల చేతికి పోయింది, ఇప్పటికీ గ్రీసులోనే ఉంది. టర్కులందరికీ తండ్రి అనిపించుకున్నవాడి పుట్టిల్లు టర్కీలో లేదు. తేజే అమ్మమ్మదీ ఆ ఊరే. 1923 జనవరిలో రెండు దేశాలూ జనాభా మార్పిడి ఒప్పందం చేసుకున్నాయి. అనతోలియా నుంచి సుమారు 12 లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకి, గ్రీసు నుంచి సుమారు 4 లక్షలమంది ముస్లింలు టర్కీకి. ఎవరు గ్రీకు, ఎవరు టర్కు అన్నది ఎలా తేల్చారయ్యా అంటే మతాన్ని బట్టి. కరమాన్ వైపు తరతరాలుగా టర్కిష్ తప్ప ఇంకో భాష రాని క్రైస్తవుల్ని మీరు గ్రీకులు, వెళ్ళిపొమ్మన్నారు. క్రీట్ దీవిలో గ్రీకు తప్ప రాని ముస్లింలని మీరు టర్కులు, రమ్మన్నారు. మరుసటి ఏడే ఖలీఫాని గెంటేసి, మతానికీ రాజ్యానికీ సంబంధం లేదన్న ప్రభుత్వం, తన జనం ఎవరో మాత్రం మతాన్ని చూసే ఏరుకుంది. ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు మింగుడుపడదు.

నిలోఫర్ కథ చెప్పి, పాపం ఎనిమిదేళ్ళ పిల్ల, దేశం వదిలి పోయింది అన్నాను తేజేతో. ఆవిడ గ్లాసు కింద పెట్టి, మా అమ్మమ్మ కూడా ఊరు వదిలే వచ్చింది హోజమ్, ఆవిడకి పింఛను పంపడానికి నిజాం ఎవరూ లేరు, ఈయనే దిక్కయ్యాడు అని గోడ మీది ఫోటో చూపించింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ అమ్మమ్మ చిన్నప్పటి ఫోటో ఒకటి ఉంది, తండ్రి పక్కన నిలబడి. వెనకాల పాత లిపిలో రెండు వరుసలు. తేజే జీవితమంతా ఆ ఫోటో చూస్తోంది, చదవలేదు. మా నాన్న నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన మనిషి, నన్ను ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుని అలీఫ్ బే దిద్దించాడు. దాంతో కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కున్నాను. సీన్, లామ్, అలీఫ్, నూన్, యే, కాఫ్. సెలానిక్! దాని పక్కన అంకెలు 1327. అది వాళ్ళ పాత రూమీ లెక్క, 584 కలుపుకోవాలని మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది, అంటే 1911. కింది వరుస చేతిరాత నాకు కొరుకుడు పడలేదు. టర్కిష్ ముక్క రాని తెలుగావిడ అక్షరాలు చదివితే, టర్కీ టీచరమ్మకి తన అమ్మమ్మ ఊరు తెలిసింది. ఆవిడ నవ్వింది, తర్వాత కొంచెంసేపు మాట్లాడలేదు.

అక్షరాలు మార్చిన పద్ధతి చెప్పుకోదగ్గది. 1928లో లాటిన్ లిపికి మారాలని కమిటీ వేశారు. కమిటీవాళ్ళు అయిదేళ్ళు పడుతుంది, పత్రికల్లో కొన్నాళ్ళు రెండు లిపులూ పక్కపక్కన వేద్దాం అన్నారు. కెమాల్ ఒప్పుకోలేదు. రెండూ ఉంటే జనం పాతదే చదువుకుంటారు, అయితే మూడు నెలల్లో కావాలి, లేదా ఎప్పటికీ కాదు అన్నాడు. ఆగస్టు 9 రాత్రి ఇస్తాంబుల్‌లో ఒక పార్కులో సభలో ప్రకటించాడు. తర్వాత నల్లబల్ల పట్టించుకుని ఊళ్ళు తిరిగాడు, సుద్దముక్కతో తనే అక్షరాలు రాసి చూపించాడు. ఆ ఫోటో టర్కీలో చూడనివాళ్ళుండరు. నవంబరు 1న చట్టం, డిసెంబరు నుంచి పత్రికలు కొత్త లిపిలో, జనవరి నుంచి పుస్తకాలు. 16 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళందరికీ జాతీయ పాఠశాలలు పెట్టారు. తేజే అమ్మమ్మ పగలు పొగాకు పని చేసి, రాత్రి అక్కడ అక్షరాలు నేర్చుకుంది. 1927 జనాభా లెక్కల్లో చదవను రాయను వచ్చినవాళ్ళు పదిమందిలో ఒకరు. 1935కి అయిదుగురిలో ఒకరయ్యారు. పంతులమ్మగా నాకు ఆ నల్లబల్ల ఫోటో చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఏ దేశాధ్యక్షుడు సుద్దముక్క పట్టుకున్నాడు? 1934లో ఆడవాళ్ళకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుహక్కు వచ్చింది, ఫ్రాన్సు కన్నా పదేళ్ళు ముందు. కానీ ఆ మూడు నెలల తొందరలోనే అమ్మమ్మ ఫోటో వెనక రాత మనవరాలికి అందకుండా పోయింది. అమ్మమ్మకి అక్షరాలు నేర్పిందీ, ఆ రాతని మనవరాలికి దూరం చేసిందీ ఒకే చట్టం.

టోపీ సంగతి క్లుప్తంగా. 1925లో ఫెజ్ టోపీ మాని హ్యాట్ పెట్టాలన్నారు. అంతకుముందే హ్యాట్‌ని తప్పుపడుతూ చిన్న పుస్తకం రాసిన ఇస్కిలిప్లి ఆతిఫ్ అనే మతగురువుని 1926లో ఉరితీశారు. అది చట్టానికి ముందు రాసిన పుస్తకమని ఆయన మొత్తుకున్నా వినలేదు. ఆ రోజు సంచీ బండితో ఆగకుండా పోయిన ఆవిడ ఇంట్లో ఎవరి ఫోటో ఉందో నాకు తెలియదు గానీ, ఆయన్ని అమరుడనుకునే ఇళ్ళు ఈ దేశంలో తక్కువేం లేవు. 1926 జనవరి 1 నుంచి గడియారాలు, క్యాలెండరు మారాయి. 1935లో వారం సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి జరిగింది. ఇంటిపేర్లు 1934లో వచ్చాయి, అప్పటిదాకా టర్కులకి ఇంటిపేర్లు అలవాటే లేదు. ఆయనకి అతాతుర్క్ అన్న పేరుని పార్లమెంటు చట్టం చేసి ఇచ్చింది, ఇంకెవరూ పెట్టుకోకూడదని కూడా.

ఆ పేరుతో ఆయన చేసే సంతకం ఇప్పుడు కార్ల వెనకాల స్టిక్కర్లుగా, కుర్రాళ్ళ చేతుల మీద పచ్చబొట్లుగా కనిపిస్తుంది. మా వీధి సెలూన్ కుర్రాడి మెడ మీద కూడా ఉంది. ఆ సంతకం గీసిచ్చింది వాహ్రామ్ చెర్చియాన్ అనే ఇస్తాంబుల్ ఆర్మేనియన్ టీచరు. టర్కిష్ భాషని సంస్కరించే సంఘంలో ముందు నిలిచిన పండితుడు అగోప్ దిలాచార్ కూడా ఆర్మేనియన్. 1915లో ఒట్టోమన్ పాలనలో ఆర్మేనియన్లని ఊచకోత కోసిన సంగతి తలుచుకుంటే ఇది వింతగా ఉంటుంది. కెమాల్ పెంచుకున్న కూతురు సబీహా గోక్చెన్ విమానం నడిపి, 1937లో దెర్సిమ్‌లో తిరగబడిన కుర్దుల మీద బాంబులు వేసింది. ఆవిడ పుట్టుకతో ఆర్మేనియన్ అని 2004లో హ్రాంత్ దింక్ అనే ఆర్మేనియన్ జర్నలిస్టు నడిపే పత్రిక రాసింది. దేశమంతా అట్టుడికింది. 2007లో దింక్‌ని ఇస్తాంబుల్‌లో పత్రికాఫీసు ముందే కాల్చి చంపారు.

చనిపోయాక జరిగిందే నాకు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆయన తర్వాత వచ్చిన ఇస్మెత్ ఇనోను కరెన్సీ నోట్ల మీద తన బొమ్మ వేయించుకున్నాడు, జాతీయ నాయకుడు అని బిరుదు పెట్టుకున్నాడు. జనానికి రుచించలేదు. 1950 ఎన్నికల్లో ఇనోను పార్టీ ఓడింది, అంటే అతాతుర్క్ పెట్టిన పార్టీయే ఓడింది. గెలిచినవాళ్ళు 1932 నుంచి టర్కిష్‌లో మాత్రమే ఇవ్వాలన్న అజాన్‌ని మళ్ళీ అరబ్బీలోకి రానిచ్చారు. అదే ప్రభుత్వం, విగ్రహాలు పగలగొడుతున్నారని 1951లో అతాతుర్క్‌ని నిందిస్తే జైలు అని చట్టం తెచ్చింది. 1953లో ఆయన్ని ఇప్పుడున్న సమాధి మందిరానికి ఊరేగింపుగా తెచ్చిందీ వాళ్ళే. ఆయన పార్టీని ఓడించడం కుదిరింది, ఆయన్ని పక్కన పెట్టడం మాత్రం కుదరలేదు. వెబర్ అన్నదీ ఇదే, నాయకుడు పోయాక ఆ ఆకర్షణ చట్టంగానో, ఆచారంగానో మారకపోతే నిలవదని. ఇక్కడ రెండూ అయింది.

ఆ మందిరానికి తేజేనే తీసుకెళ్ళింది. రెండు వైపులా 24 రాతి సింహాలున్న పొడుగాటి బాట. రాళ్ళ మధ్య అయిదు సెంటీమీటర్ల సందు వదిలి గడ్డి పెంచారు. చూసుకోకుండా నడిస్తే కాలు తడబడుతుంది, అందుకని తల వంచుకునే నడవాలి. కావాలనే అలా కట్టారట. నా మోకాళ్ళ నొప్పికి ఆ వినయం మరీ ఎక్కువైంది. ఇంకో సంగతి చెప్పింది. ఈశాన్యాన అర్దహాన్ జిల్లాలో దమాల్ అనే ఊరుంది. ఏటా జూన్, జులైల్లో సాయంత్రం ఎండకి ఒక కొండ నీడ ఎదుటి కొండ మీద పడి అచ్చం అతాతుర్క్ మొహంలా కనిపిస్తుంది. 1954లో ఒక గొర్రెల కాపరి మొదట చూశాడట. ఇప్పుడు అక్కడ ఉత్సవం చేస్తారు. మతాన్ని రాజ్యం నుంచి విడగొట్టిన మనిషి నీడకి తిరనాళ్ళు! తేజేకి ఇందులో వింతేమీ కనబడలేదు.

ఇక మా అమ్మాయి ల్యాబ్‌లో పనిచేసే దియార్‌బకిర్ అతను. కుర్దు. పాపని చూడటానికి వచ్చి ఒక సాయంత్రం మా ఇంట్లో భోజనం చేశాడు, పప్పుచారు రెండుసార్లు వేయించుకున్నాడు. అప్పుడు తేజే కూడా ఉంది. మాటల్లో బడి ప్రతిజ్ఞ సంగతి వచ్చింది. 1933 నుంచి ఇక్కడి బడిపిల్లలు రోజూ పొద్దున్నే చెప్పే ప్రతిజ్ఞ ఒకటి ఉండేది. నేను టర్కుని, నిజాయితీపరుణ్ణి, కష్టపడేవాణ్ణి అని మొదలై, నా ఉనికి టర్కుల ఉనికికి కానుక అని ఉంటుంది. తర్వాతి రోజుల్లో, ఓ మహా అతాతుర్క్, నువ్వు వేసిన బాటలో ఆగకుండా నడుస్తానని ఒట్టు అన్న వాక్యం కూడా చేర్చారు. 2013లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మళ్ళీ పెట్టాలని కోర్టుల దాకా వెళ్ళారు.

అతను చెప్పాడు. ఆరేళ్ళకి బడికి వెళ్ళేసరికి టర్కిష్ ఒక్క ముక్క రాదట. మొదటి రోజు ఆ మాటలు అర్థం తెలియకుండానే గొంతు చించుకుని అరిచాడు. వాళ్ళ ఇంట్లో మాట్లాడే భాషలో ఏదైనా అచ్చువేయడం 1991 దాకా నేరం. ఊరి ఎదురుగా కొండ మీద, నేను టర్కుని అనగలిగినవాడు ఎంత అదృష్టవంతుడో అన్న అతాతుర్క్ వాక్యం తెల్ల రాళ్ళతో పేర్చి ఉండేదట. నాకు 1921 నాటి మా హైదరాబాద్ గుర్తొచ్చింది. వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ కోపంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే చెప్పాను. అతను తలూపాడు. తేజే మాత్రం, అందరూ ఒకే మాట అనకపోతే 1920లో యుద్ధం గెలిచినవాళ్ళు రాయించిన సెవ్ర్ ఒప్పందంలో మమ్మల్ని ముక్కలుగా పంచుకునేవాళ్ళు, అప్పుడు నీకూ బడి ఉండేది కాదు అంది అతనితో. ముక్కలు కాకూడదని నన్ను ముక్క చేశారు హోజమ్ అన్నాడు అతను, మర్యాదగానే.

మా ప్రతిజ్ఞ గురించి అడిగారు. భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు. 1962లో రాసింది పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు, మా నల్లగొండ మనిషి, విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు, తెలుగులోనే రాశారు. అందులో ఏ నాయకుడి పేరూ లేదు, గాంధీగారిది కూడా. బహువిధమైన వారసత్వం గర్వకారణం అని ఉంటుంది. మాకు ఇలాంటిది ఉండాల్సింది అన్నాడు అతను. నాయకుడి పేరు లేకుండా ఎవరికి ఒట్టు పెడతారు అని తేజే ఆశ్చర్యపోయింది.

నేను సర్దిచెబుదామని, ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దున్నే పిల్లల చేత చెప్పించినదాన్ని, ఎండలో నిలబడ్డ పిల్లలకి ఏ ప్రతిజ్ఞా బుర్రకెక్కదు, వాళ్ళ ధ్యాసంతా ఎప్పుడు లైను వదుల్తారా అని, దీనికోసం మీరిద్దరూ ఎందుకు గొడవపడతారు అన్నాను. అంతే, ఇద్దరూ నా మీద పడ్డారు. ఎక్కకపోవడమేమిటి అని తేజే లేచి నిలబడి మొదటి వాక్యం అంది. అతను కూర్చున్నచోటు నుంచే రెండోది అందుకున్నాడు. ఆవిడ గర్వంగా, అతను కోపంగా, ఒక్క మాట తడబడకుండా చివరిదాకా అప్పజెప్పేశారు. ఆ గొంతులకి పాప నిద్రలేచి ఏడుపు లంకించుకుంది.